నెత్తిన నీళ్ల తొట్టితో మా స్వప్న

ఈ రోజు స్టుట్‌గార్ట్ నుంచి హైడెల్‌బర్గ్‌కు కారులో వెళ్తుంటే, దారిలో ఒక పల్లెటూరి దగ్గర రోడ్డు మూసేశారు. దిగి చూస్తే గొర్రెల కాపరుల పండుగ. పూలదండలు వేసిన గొర్రెలు, బ్యాండు మేళం, ఊరంతా కోసిన గోధుమ చేలోనే ఉంది. అక్కడ ఆడవాళ్లకు ఒక పందెం పెట్టారు. నీళ్లు నిండిన చెక్క తొట్టి నెత్తిన పెట్టుకుని, ఒలకకుండా చేను దాటాలి. చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా చేరవచ్చని మైకులో పిలిచారు. నా భార్య స్వప్న వెంటనే చెప్పులు విప్పింది.

"వద్దు స్వప్నా, పడితే అందరూ నవ్వుతరు," అన్నాను.

"పెండ్లికి ముందు ఏటా బోనమెత్తిన. గిదేం బరువు?" అంది.

చున్నీని చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని, దాని మీద తొట్టి ఎత్తుకుంది. రెండడుగులు వేశాక చేతులు కూడా వదిలేసింది. మిగతావాళ్లు పరుగెత్తి సగం నీళ్లు ఒంటి మీదే పోసుకున్నారు. స్వప్న అందరికంటే వెనక చేరింది. పందెం నడిపే పెద్దావిడ ఒక్కో తొట్టిలోకీ తొంగి చూసి, చివరికి స్వప్న చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

మా ఆరేళ్ల పాప ఎస్-బాన్ లోకల్ రైల్లో తెలుగు గట్టిగా మాట్లాడొద్దని రోజూ అమ్మను సతాయిస్తుంది. ఈ రోజు మాత్రం కనబడినవాళ్లందరికీ, "ఆవిడ మా అమ్మే" అని జర్మన్‌లో చెబుతూ తిరిగింది.

నేనైతే టీ తెస్తే సగం సాసర్‌లోనే ఉంటుంది. మీ ఇళ్లలో ఇన్నాళ్లూ బయటపడని విద్యలేమైనా ఉంటే చెప్పండి.