నా ఎత్తు బెల్లం

నా కంచంలో ఇంకొకరు వడ్డిస్తే నాకు పడదు. ఈ సంగతి మా ఇంట్లో కోడళ్లకు తెలుసు, మనవరాళ్లకు తెలుసు, పెళ్లిళ్లలో గరిటె పట్టుకుని నా ముందు వంగి చీవాట్లు తిన్న చుట్టాలకూ తెలుసు. ఎంత కావాలో నేనే పెట్టుకుంటాను. రాగి సంగటి ఇంత, ఆకుకూర ఇంత, ఉడకేసిన గుడ్డు ఒకటి. నెలకోసారి బియ్యం మండీకి పోయి కాటా మీద నిలబడి బరువు చూసుకుంటాను. ముసలామెకు ఒంటి మీద ఎంత మోజో అని మా వాళ్లు వెనక నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఈ పట్టుదల నాకు ఎప్పుడు వచ్చిందో చెప్పాలంటే పద్నాలుగేళ్ల వయసుకు పోవాలి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల పుంగనూరుకు.

ఆ చలికాలంలో నాకు టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు జ్వరం దిగలేదు. మా నాయనకు బజారులో చిన్న గుడ్డల అంగడి ఉండేది. అది మూసేసి నా తల దగ్గరే కూర్చున్నాడు. వైద్యుడు చేతులెత్తేసిన రోజు మా అమ్మ తడిబట్టలతో అమ్మవారి గుడికి పోయి మొక్కుకుంది. బిడ్డ బతికితే బిడ్డ ఎత్తు బెల్లం తూచి ఇస్తానని. మా వైపు అది మామూలు మొక్కే. గుడి ముందు పెద్ద తక్కెడ కడతారు. ఒక తట్టలో బిడ్డను కూర్చోబెట్టి, ఇంకో తట్టలో బెల్లం పేరుస్తారు. బెల్లం తక్కువై ఆ తట్ట పైకి లేచిందంటే మొక్కు తీరనట్టే. ఏ జబ్బు నుంచి కాపాడిందో ఆ జబ్బునే అమ్మవారు తిరిగి పంపుతుందని మా ఆడవాళ్ల భయం.

నేను బతికాను. గోడ పట్టుకుని నడిచేదాన్ని, తల దువ్వితే జుట్టు దువ్వెనకే వచ్చేది, అయినా నా మనసంతా మదనపల్లె మీదే ఉండేది. జ్వరానికి ముందే నాయన నన్ను అక్కడి ఆడపిల్లల హైస్కూల్లో, హాస్టల్లో చేర్చడానికి మాట్లాడి వచ్చాడు. మా వీధిలో ఆడపిల్ల ఐదో తరగతి దాటడమే అబ్బురం. కొత్త పలక కాదు, నోటు పుస్తకాలు కొంటానన్నాడు. నేను మంచంలో పడుకుని ఆ పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ ఉండేదాన్ని, మనసులోనే.

కొంచెం తేరుకున్నాక మదనపల్లెలో ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆమె నన్ను ఇనుప కాటా మీద నిలబెట్టి చూసింది. అరవై ఎనిమిది పౌండ్లు. "ఈ ఒంటితో హాస్టలుకు పంపితే మళ్లీ మంచమెక్కుతుంది. బడి తెరిచేలోగా ఎనభై పౌండ్లకు రావాలి. వస్తే చీటీ రాసిస్తా, రాకపోతే లేదు" అంది. తర్వాత నన్ను బయట బెంచీ మీద కూర్చోమని, అమ్మతో తిండి విషయం చాలాసేపు మాట్లాడింది. నాయన మందుల కోసం వరుసలో నిలబడి ఉన్నాడు. తలుపు వెనక నుంచి గొంతు వినిపించింది గానీ మాటలు తెలియలేదు.

బయటికొచ్చి అమ్మ చెప్పింది. "పథ్యం చెప్పినాదమ్మా. గంజి, మిరియాల చారు. కడుపు తేలిగ్గా ఉంటేనే తిన్నది ఒంటికి పడతాదంట."

నేను నమ్మాను. మూడు వారాలు కళ్లలో వత్తులు వేసుకుని నన్ను కాచిన మనిషిని నమ్మక ఎవరిని నమ్మేది?

మొక్కు వెంటనే తీర్చడానికి కుదరలేదు. వైశాఖంలో ఒక మంగళవారం మంచిదని పూజారి అన్నాడు. ఈలోగా బెల్లం సమకూర్చుకోవాలి. యుద్ధం పుణ్యమా అని బెల్లం కంటికి కనిపించడమే గగనంగా ఉంది. సోమల వైపు గానుగ ఆడే రైతులను బతిమాలి నాయన రెండు బుట్టలు తెచ్చి అటక మీద పెట్టాడు. "ఇరవై రెండు వీసెలు ఉండాది. ఇంగ ఒక్క ముద్ద గూడా యాడా దొరకదు" అని ఆయన అమ్మతో అనడం నేను విన్నాను. విన్నాను గానీ దానికీ నా కంచానికీ సంబంధం ఉంటుందని తోచలేదు. ఇరవై రెండు వీసెలంటే అరవై తొమ్మిది పౌండ్లకు కాస్త తక్కువ అని నేను లెక్క కట్టుకున్నది తర్వాతెప్పుడో.

నాయనకు ఒక అలవాటు ఉండేది. సాయంత్రం అంగడి కట్టేసి వస్తూ వేయించిన శెనక్కాయలు పొట్లం కట్టించుకొచ్చి నా దిండు కింద పెట్టేవాడు. నాలుగు రోజులు అది చూసింది అమ్మ. ఐదో రోజు నన్ను గాలి మార్పుకని కుప్పం పంపించేసింది, మా మేనత్త ఇంటికి.

అత్తకు పిల్లల్లేరు. మామకు రైలు స్టేషన్లో పని. నేనంటే ఆమెకు ప్రాణమని అందరూ అనేవాళ్లు, నేనూ అనుకునేదాన్ని. ఊడగా మిగిలిన నా జుట్టుకు రోజూ నూనె రాసి, చిక్కు తీసి, రెండు పిలకలు వేసేది. తిండి మాత్రం గంజే. పొద్దున గంజి, మధ్యాహ్నం గంజిలో నాలుగు మెతుకులు, పొద్దుగూకేటప్పుడు మిరియాల చారు. ఆమె వంటింట్లో సంగటి, శెనక్కాయల చట్నీ నాకు వీపు పెట్టి కూర్చుని తినేది. నా ముందు తింటే నాకు బాధని అలా చేస్తోందనుకుని, ఎంత మంచిదో మా అత్త అని మురిసిపోయిన వెర్రిదాన్ని నేను.

అమ్మ నాకు దిష్టి తగలకుండా మోచేతి పైన నల్లతాడు కట్టి పంపింది. అత్త దాన్ని చూపించి అంది.

"ఈ తాడే మనకు కాటా. బిగుతైతే ఒళ్లు పట్టినట్టు. రోజూ సూసుకో."

రోజూ చూసుకున్నాను. శుక్రవారం తలంటినప్పుడు అత్త ఆ తాడు విప్పి ఉతికి మళ్లీ కట్టేది. కట్టిన ప్రతిసారీ తాడు చర్మాన్ని పట్టుకుని ఉండేది.

"సూసినావా, బిగుతైపోయినాది. ఒళ్లు పడతాండావు" అనేది.

నేను ఆ తాడు కిందికి వేలు దూర్చి, దూరకపోతే సంతోషపడేదాన్ని. మదనపల్లె హాస్టలు ఇంకో పౌండు దగ్గరైందనుకునేదాన్ని.

పక్క పోర్షన్లో గాజుల వ్యాపారం చేసే సాయిబుగారి కుటుంబం ఉండేది. ఆయన భార్య నన్ను గోడ మీద నుంచి గమనించింది కాబోలు, ఒక రోజు అత్త బజారుకు పోయినప్పుడు ఉడకేసిన గుడ్డు ఉప్పు అద్ది తెచ్చింది.

"తిను బేటీ. ఎముకలే కనపడతాండాయి నీకు."

నాకు నోట్లో నీళ్లూరాయి. అయినా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "వద్దమ్మా, డాక్టరమ్మ పథ్యం చెప్పినాది. తప్పితే నాకు బడి పోతాది" అన్నాను. ఆమె ఇంకోసారి అడిగింది. నేను ఇంకోసారి వద్దన్నాను. ఆమె గుడ్డు చేతిలో పెట్టుకుని కొంతసేపు నా వైపే చూసి వెళ్లిపోయింది. అత్త వచ్చాక ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. అత్త నా తల నిమిరి, "బంగారు తల్లి" అంది. ఆ రెండు మాటలు తలుచుకుంటే ఈ రోజుకీ నాకు ఒళ్లు మండుతుంది.

వైశాఖంలో అత్త నన్ను వెంటబెట్టుకుని పుంగనూరు వచ్చింది. నాయన నన్ను చూసి, "ఇంత చిక్కిపోయినాదేమే?" అన్నాడు. "ఎండలప్పా, ఎండలకు అందరూ అట్నే ఉండారు" అని అత్త మాట దాటేసింది.

మంగళవారం గుడి ముందు తక్కెడ కట్టారు. పసుపు పూసిన తట్టలో నన్ను కూర్చోబెట్టారు. ఎదుటి తట్టలో నాయన ఒక్కో బెల్లం ముద్ద పెడుతుంటే అమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. నేల విడిచి నేను లేచాను. ముల్లు సమంగా నిలిచింది. డప్పులు మోగాయి. బుట్టలో ఇంకా ఒక ముద్ద మిగిలే ఉంది, కొబ్బరికాయంత. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని నేల మీద సాష్టాంగపడింది. అత్త ఆమెను లేవదీస్తూ, నా తట్ట పక్కనే, నెమ్మదిగా అంది.

"నేను సెప్పలేదా వదినా, మిగులుతాది గానీ తక్కువ కాదని."

నాకు ఆ మాట సరిగా అర్థం కాలేదు. ఏదో ముల్లు గుచ్చుకున్నట్టు మాత్రం అయింది.

గురువారం తొలి బస్సుకు అమ్మా నేనూ మదనపల్లె పోయాం. పెట్రోలు లేక బొగ్గుతో నడిచే బస్సు అది. ఎత్తు వచ్చినప్పుడల్లా జనమంతా దిగి నడవాలి. నేను నడవలేక చక్రం పక్కనే కూలబడితే అమ్మ నన్ను చంకలో చెయ్యి వేసి మోసినంత పని చేసింది. పట్టుకోవడానికి ఆమెకూ శక్తి లేదు. మొక్కుకున్న రోజు నుంచి ఆమె ఒంటిపూట భోజనమే.

డాక్టరమ్మ కాటా ముల్లు చూసి రెండోసారి చూసింది. అరవై ఆరు.

"నేను ఏం చెప్పాను? పూటకు గ్లాసు పాలు, రోజూ గుడ్డు, రాగి సంగటి, పప్పు, శెనక్కాయలు అని చెప్పలేదా? ఏం పెట్టారు ఈ పిల్లకు?"

గంజి అని ఆమె చెప్పనే లేదు. పథ్యమే చెప్పలేదు. నేను కాటా మీద నుంచి దిగకుండా అమ్మ వైపు తిరిగాను. అమ్మ నా వైపు చూడలేదు.

"అన్నీ పెడతానే ఉండామమ్మా. ఇదే తినదు. నోటికి ఏదీ హితవు గాదంటాది" అంది.

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. నల్లతాడు కొసలు బయటికి వేలాడుతున్నాయి, నా వేలు పొడుగున. కుప్పం పోయేటప్పుడు ఆ కొసలు గింజంత కూడా లేవు. నా చెయ్యి సన్నబడిన కొద్దీ శుక్రవారం శుక్రవారం అత్త ఆ తాడును బిగలాగి ముడేసిందని నాకు అప్పుడు తెలిసింది.

"ఆడపిల్లలు ఇట్లా తిండి మాని అందరినీ ఏడిపిస్తే ఎట్లా?" అంది డాక్టరమ్మ. "నీ ఒంటిని నువ్వే చూసుకోవాలి. ఇంకొకరు చూసిపెడతారా? ఈ ఏడు బడి లేదు, పో."

నేను నోరు తెరవలేదు. తెరిస్తే అమ్మ అబద్ధాలకోరు అయిపోతుంది. ఆమె తప్పంతా నా మీద వేసిందే, ఆమెను నేనెందుకు కాచానో ఇప్పటికీ నాకే తెలియదు.

తిరుగు బస్సులో కూర్చున్నాక అమ్మ సంచిలోంచి ఒక మూట తీసింది. గుడిలో మిగిలిన బెల్లం ముద్ద.

"తినమ్మా. ఇంగ ఏమైనా తినొచ్చు. పాలు, గుడ్లు, నీకు ఏది కావాలంటే అది."

"ఇది మిగిలింది గదమ్మా" అన్నాను. "ఈ ముద్దంతైనా నన్ను పెరగనిచ్చి ఉండొచ్చు గదా."

 అమ్మ కిటికీ వైపు తిరిగి చెప్పింది.

"తక్కువ పడితే నువ్వు పోతావని భయమమ్మా. బడి మళ్లా ఏడు గూడా ఉంటాది."

మళ్లీ ఏడు బడి ఉంది. నాకే లేదు. నాయన అంగడి చితికిపోయి, హాస్టలు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అది అమ్మకు ఆ రోజు తెలిసే అవకాశం లేదు. అమ్మ భయం నిజమైనదే, అదీ నాకు తెలుసు. తెలిసినా నా కోపం ఒక్క వీసె కూడా తగ్గలేదు.

ఆ ముద్దను నేను పళ్లతో కొరుక్కుని తినడం మొదలుపెట్టాను. పొద్దుటి నుంచి అమ్మ కడుపులో మంచినీళ్లు తప్ప ఏమీ పడలేదని నాకు తెలుసు. ఆమె కళ్లు నా చేతి వైపే ఉన్నాయని కూడా తెలుసు. పుంగనూరు వచ్చేలోగా ముద్ద మొత్తం తినేశాను. ఆమెకు చిటికెడు కూడా పెట్టలేదు.