మాబున్నక్క మణికట్టు, ఖాదర్ రొట్టె

2022 వేసవి. మార్కాపురంలో ఒక మందుల దుకాణం మేడ మీద నా ఫిజియోథెరపీ క్లినిక్. బోర్డు మీద పేరుకు ముందు డాక్టర్ అని రాయించుకున్నాను గానీ, ఊళ్ళో నన్ను ‘చేతులు వంచే డాక్టరమ్మ’ అనే అంటారు. మోకాళ్ళ నొప్పులతో వచ్చినవాళ్ళు మెట్లు చూసి, కింద దుకాణంలోనే మాత్రలు కొనుక్కుని వెళ్ళిపోతారు. మోకాళ్ళ వైద్యానికి మేడ మీద గది తీసుకున్న తెలివి పూర్తిగా నాదే.

మాబున్నక్క మెట్లెక్కగలిగింది. ఆమెకు విరిగింది చెయ్యి. ట్యాంకర్ నీళ్ళు పట్టేటప్పుడు తడి బండ మీద జారి, కుడిచెయ్యి ఆనించి పడింది. అలా పడినప్పుడు మణికట్టు దగ్గర ఎముక విరగడాన్ని కోలీస్ ఫ్రాక్చర్ అంటాం. పిండికట్టు విప్పేసరికి కీలు బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని మెల్లగా వంచి, తిప్పి, పిడికిలి పట్టును, అంటే గ్రిప్‌ను, వెనక్కి తెప్పించడం నా వంతు.

ఆమెను బండి మీద తీసుకొచ్చేది కొడుకు ఖాదర్. బీటెక్ అయిపోయి ఇంట్లో బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్నాడు. చెల్లెలు షాహిన్ ఇంటర్. తండ్రి లారీ డ్రైవరు, ఇంటికి చుట్టంలా వచ్చిపోతుంటాడు. ఖాదర్ తల్లిని మెట్ల మీద గాజు గిన్నెలా పట్టుకుని తెచ్చేవాడు. అంత జాగ్రత్తగా తెచ్చిన చెయ్యి మాత్రం వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త వాచి ఉండేది. వాపు అలాగే నిలిచిపోతే వేళ్ళు బిగుసుకుపోతాయి, ఆ పిడికిలి మళ్ళీ పూర్తిగా మూసుకోదు. నాకు భయం పట్టుకుంది.

“అక్కా, ఈ చేత్తో పని చేస్తున్నావా?”

“యాడ పని డాక్టరమ్మా. పూర్తిగా మానుకుంటి.”

“మేమే చెయ్యనియ్యడంల్యా మేడమ్” అన్నాడు ఖాదర్. వాడి తెల్లచొక్కా మల్లెపూవులా ఉంది.

“ఆ చొక్కా ఎవరు ఉతికారు?”

“అమ్మీనే.”

“పిండింది?”

“అమ్మీనే మేడమ్. అది రోజూ ఉండేదే గదా.”

మాబున్నక్క వైపు చూశాను. అబద్ధం బయటపడ్డ బెదురు ఆమె ముఖంలో లేదు. ఆమె అబద్ధమాడితే గదా. మిరపకాయలు కొయ్యడానికి కూలికి పోవడం పని, అది మానేసింది. గిన్నెలు తోమడం, బట్టలు పిండడం, బిందె ఎత్తడం ఆ ఇంట్లో ఎవరి లెక్కలోనూ పని కాదు, ఊపిరి పీల్చుకోవడం లాంటిది. ఊపిరి పీల్చుకోవద్దని నేను చెప్పలేదు.

ఇకనుంచి ఇంటిపని మీరిద్దరే చెయ్యాలని ఖాదర్‌కు గట్టిగా చెప్పి పంపాను. మరుసటిసారికి వాపు ఇంకా పెరిగింది. ఈసారి షాహిన్ కూడా వెంట వచ్చింది, నాకు ఫిర్యాదు చెయ్యడానికి.

“మేం తోముతాండాం మేడమ్. మేం తోమినాక అమ్మీ మళ్ళా తోముతాది. భయ్యా పిండిన బట్టలు తీగె మీదనుంచి తీసి మళ్ళా పిండుతాది.”

“జిడ్డు పోలా డాక్టరమ్మా” అంది మాబున్నక్క. “జిడ్డు గిన్నెలో బిడ్డలకెట్ల పెట్టేది? వాళ్ళకేం తెలుసు, చదువుకునే పిల్లోళ్ళు.”

పిల్లలకు పని చెప్పి నేను చేసిన వైద్యం, ఆమెకు ఆ పనినే రెండోసారి పెట్టడం.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. వాపు దిగాలంటే చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉండాలి, దీన్ని ఎలివేషన్ అంటాం. వంటింటి కిటికీ చువ్వలకు షాహిన్ చున్నీని జోలెలా కట్టి, కింద కుర్చీ వేసి, మాబున్నక్కను కూర్చోబెట్టి, చెయ్యి అందులో పెట్టించాను.

“దొంగను కట్టేసినట్ల కట్టేస్తివే” అంది.

“దొంగపని చేస్తే కట్టెయ్యరా మరి?”

తర్వాత ఖాదర్‌కు జొన్నరొట్టె నేర్పడానికి నేనే పీట ముందు కూర్చున్నాను. మా ఇంట్లో రొట్టెలు చేసేది మా అత్త. ఆ సంగతి నాకు ఆ క్షణం వరకూ అంత ముఖ్యంగా తోచలేదు. నా రొట్టె ప్రకాశం జిల్లా పటంలా వచ్చింది. పెనం మీద వెయ్యబోతే గిద్దలూరు మూల విరిగి పొయ్యిలో పడింది.

మాబున్నక్క కాసేపు పెదవి కొరుక్కుని ఓర్చుకుంది. ఆ తర్వాత నవ్వేసింది.

“లెయ్ డాక్టరమ్మా, నువ్వు చేతులు వంచుకో పో. ఖాదరూ, నువ్వు రా. నీళ్ళు బాగా తెర్లినాయా? పిండిలో పొయ్యి. కాల్తాదా? కాల్తాది. కాల్తాంటేనే పిసకాల. మడమతో నొక్కు. అట్లగాదు, అరచేతి మడమతో. ఇంక తట్టు. తిప్పుతా తట్టు. అది పరీక్ష పేపర్ కాదు, భయపడమాక.”

“అంచు పగులుతాండాది అమ్మీ.”

“పిండి చల్లారింది. తడిచేసి మళ్ళా పిసుకు. షాహీ, ఆ గిన్నె వేలితో తడిమి చూడు. కిచకిచమంటాదా? అనకపోతే జిడ్డున్నట్టు.”

అప్పుడు చున్నీ వైపు చూశాను. ఆమె నోటితో చెప్పే ప్రతి పనినీ జోలెలో వేళ్ళు చేస్తున్నాయి. పిసకమంటే మూసుకుంటున్నాయి, తట్టమంటే తెరుచుకుంటున్నాయి. చెయ్యి ఎత్తులో ఉంచి పిడికిలి మూసి తెరవమని క్లినిక్‌లో నేను బతిమాలినప్పుడు, రెండుసార్లు చేసి సిగ్గుపడి మానేసిన వ్యాయామం ఇదే.

పిల్లలు పనిలో మునిగాక ఆమె గొంతు తగ్గించింది. “ఇయ్యన్నీ వీళ్ళే నేర్చుకుంటే ఇంక నేనెందుకు డాక్టరమ్మా?”

ఆ మాట పొయ్యి దాకా వినిపించింది. పెనం మీదనుంచి చూపు తిప్పకుండా ఖాదరే అన్నాడు: “ఇది కాలిందో లేదో చెప్పేదానికి. చెప్పు అమ్మీ, మాడతాండాది.”

“తిప్పు” అంది ఆమె. అనగానే కొంగుతో కళ్ళు తుడుచుకుంది, ఎడమచేత్తో.

ఆ చున్నీ చాలారోజులు కిటికీకే ఉంది. షాహిన్ కాలేజీకి వేరేది వేసుకుని పోయింది. వాపు దిగాక పట్టు కోసం మేం థెరపీ పుట్టీ పిసికిస్తాం, మెత్తటి మైదాముద్ద లాంటిది. ఆమెకు దాని బదులు ఖాదర్ రోజూ చిన్న జొన్నపిండి ముద్ద పక్కన పెట్టేవాడు.

ఈ కేసు తర్వాత ఏ తల్లినీ ‘పని మానేశావా’ అని అడగడం మానుకున్నాను. ‘పొద్దున గిన్నెలు ఎవరు తోమారు’ అని అడుగుతాను. తోమింది పిల్లలైతే, వాళ్ళు తోమాక ఎవరు తోమారని కూడా అడుగుతాను. వెంట వచ్చిన పిల్లల్ని బయట బల్ల మీద కూర్చోనివ్వను. లోపలికి పిలిచి వాళ్ళ చేతులు కూడా చూస్తాను.

చివరిసారి వచ్చినప్పుడు మాబున్నక్క గుడ్డలో చుట్టిన రొట్టెలు తెచ్చింది. విప్పి బల్ల మీద పెట్టింది. గుండ్రంగానే ఉన్నాయి గానీ, అంచులు పగిలి ఉన్నాయి.

“ఖాదర్ చేసినాడు. పిండి ఇంకాస్త పిసకాల్సింది. చూస్తానే ఉంటి, చెప్పలా.”

“ఎందుకు చెప్పలేదు?”

“ఈరోజు తింటాడు గదా. రేపటికి వాడికే తెలుస్తాది.”

అని, పై రొట్టెను కుడిచేత్తో తుంచి నాకు సగం ఇచ్చింది. పట్టు కొలిచే మీటరు సొరుగులోనే ఉంది. దాన్ని బయటికి తియ్యలేదు.