లాకీ చేతిలో తాడు

మీరు లాకీ గౌర్లేని కలిసి తీరాల్సిందే. గ్రీనాక్ అనే ఓడరేవు ఊళ్లో మా పై అంతస్తులోనే ఉంటాడు. డెబ్బై దాటాయి. మెట్ల మీద ఆయాసంతో ఆగినా సరే, ఎదురొచ్చినవాళ్లు ముందు నవ్వేసి, ఆ తర్వాతే చెయ్యందిస్తారు.

కుర్రతనంలో ఓడల కార్ఖానాలో పని. భోజనాల వేళ మేస్త్రీని అనుకరించి చూపిస్తుంటే ఆ మేస్త్రీ వెనకాలే నిలబడి అంతా చూశాడట. "బాగుంది. రేపట్నుంచి ఇదే చేసుకో, ఇక్కడికి రాకు" అన్నాడట. పక్కన నవ్వకుండా కూర్చున్నవాడు ఒక్కడే, టామ్ పెటిగ్రూ. ఇద్దరూ జత కట్టారు. వేసవిలో రోత్‌సే సముద్రపు ఒడ్డున హాస్యపు ఆటలు, క్రిస్మస్‌కి పిల్లల నాటకాలు. ఆడవేషంలో లాకీ పడిపోతుంటే, టామ్ మొహం కదపకుండా తిట్టేవాడు.

తర్వాత టీవీవాళ్లు పిలిచారు. అందులో ఇద్దరూ ఇళ్ల సామాన్లు మోసేవాళ్లు. మూడో అంతస్తు కిటికీలోంచి బీరువాని తాళ్లతో దించే ఘట్టం మా ఊళ్లో పసిపిల్లలకి కూడా నోటికొచ్చు. "మెల్లిగా, లాకీ" అంటాడు టామ్. "పట్టుకునే ఉన్నా" అంటూ లాకీ తాడు వదిలేస్తాడు.

మొన్న ఫిబ్రవరిలో టామ్ పోయాడు. ఆయన కొడుకు కాలమ్ చిన్న కార్డు పట్టుకుని పైకొచ్చాడు. నేనక్కడే టీ తాగుతున్నాను. మా దగ్గర శవపెట్టెని గోతిలోకి దించే తాళ్లలో ఏది ఎవరు పట్టుకోవాలో ఇంటివాళ్లే కార్డు మీద రాసిస్తారు. ఇస్తే ఎవరూ కాదనరు.

"బాబాయ్, రెండో తాడు నీది. అమ్మ చెప్పింది."

"ఒరేయ్, నేను తాడు పట్టుకుంటే జనం ఏం చేస్తారో మీ అమ్మకి తెలుసా?"

"అమ్మకి తెలీనిదేముంది. కార్డు ఇచ్చి రమ్మంది, అంతే."

"అంతే అంటే ఎలారా? నవ్వించమనా, వద్దనా?"

"నన్నడుగుతావేంటి బాబాయ్? నాన్న నిన్ను ఎప్పుడు నిజంగా తిట్టేవాడో కూడా నాకు తెలిసేది కాదు."

కాలమ్ వెళ్లాక లాకీ నా వైపు తిరిగాడు. "చదువుకున్నదానివి, నువ్వు చెప్పు తల్లీ."

"పట్టుకోకపోతే బాగుండదు తాతా."

"అది నాకూ తెలుసు. దానికి కాలేజీ ఎందుకు?"

టామ్‌ని గౌరవంగా సాగనంపాలి, ఆయన భార్య నెట్టా మనసు నొప్పించకూడదు. లాకీకి కావలసింది అంతే. దానికి ఏం చెయ్యాలో మాత్రం ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

శ్మశానంలో సన్నగా వాన. పాస్టరు ప్రార్థన ముగించాడు. లాకీ నల్లకోటు వేసుకుని, తల వంచుకుని తాడు అందుకున్నాడు. పెట్టె సగం దిగింది. వెనక నుంచి, కార్ఖానాలో క్రేను నడిపిన ముసలాయన, అలవాటుగానో ఏమో, "మెల్లిగా, లాకీ" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అందరూ లాకీ నోటికేసి చూస్తున్నారు. నెట్టా కూడా తలెత్తింది. ఆమె పెదవి వణికింది. ఏడుపు ఆపుకుంటోందో, "పట్టుకునే ఉన్నా" అనే ఆ జవాబు కోసం చూస్తోందో, ఎదురుగా ఉన్న నాకే అర్థం కాలేదు.

లాకీ నోరు తెరిచాడు. మళ్లీ మూసేశాడు. పెట్టె అడుగుకి చేరింది. మిగతావాళ్లంతా తాళ్ల కొసలు గోతిలోకి జారవిడిచారు. లాకీ వదల్లేదు. వదిలితే ఆ ఆటే అవుతుంది కదా. అలాగే బిగపట్టుకుని నిలబడ్డాడు. చివరికి కాలమ్ వచ్చి ఆయన వేళ్లు ఒక్కొక్కటే విడదీస్తుంటే ఎవరో ఫక్కున నవ్వారు. అంతే, శ్మశానం మొత్తం నవ్వింది. నెట్టా అటు తిరిగిపోయింది. ఆమె భుజాలు మాత్రం కదులుతున్నాయి.

తర్వాత హోటల్లో మాంసం కూరిన రొట్టెలు, విస్కీ. ఒకాయన లాకీ వీపు తట్టి "జన్మలో ఇంత బాగా చెయ్యలేదయ్యా" అన్నాడు. టామ్ చెల్లెలు "చావుని కూడా వదలవా?" అని మొహం తిప్పుకుంది. నెట్టా ఆయన పళ్లెంలో ఇంకో ముక్క వేసి, "తిను, చల్లారిపోతుంది" అంది.

ఇంటికొస్తూ మెట్ల మీద ఆగాడు. "నేను ఆట ఆడానా తల్లీ? వదలడానికి నిజంగా చెయ్యి రాలేదు. కానీ వాళ్లు నవ్వగానే ఇంకాసేపు పట్టుకున్నానేమో అనిపిస్తోంది. నెట్టాని అడగనా?"

ఇప్పటికీ అడగలేదాయన. మీరు చెప్పండి, పెట్టె సగంలో ఉండగా ఆ మాట వినపడితే, ఆ తాడు మీ చేతిలో ఉంటే, మీరేం చేసేవాళ్లు?