విత్తు, విట్టు

ఎనభైల్లో యానాం నుంచి వెళ్లి పుదుచ్చేరిలో చదువుకున్నాను. మా కాలేజీ ట్రస్టుకు సారా ఫ్యాక్టరీలో వాటాలున్నాయని తెలిసి, వాటిని అమ్మించాలని విద్యార్థి సంఘంలో తీర్మానం పెట్టి పట్టుబట్టాం. నా స్నేహితురాలు, ఆ ఊళ్లోనే ఒర్లియంపేటలో ఉండే కస్తూరి వాళ్ల నాన్న సారాతోనే పోయాడు. తను మాట్లాడితే ఏడుపొస్తుందని, నాకు తమిళం నేర్పి స్టేజీ ఎక్కించింది. వాళ్లింట్లో తెలుగే మాట్లాడతారు గానీ, తనకు తెలుగు చదవడం రాదు.

వాటాల గురించి నేను తమిళంలో గట్టిగా "విట్టుడలాం" అన్నాను. అమ్మొద్దనే ఎదుటిపక్షం లేచి చప్పట్లు కొట్టింది. మావాళ్లు తలలు పట్టుకున్నారు. "అమ్మేద్దాం" అంటే "విత్తుడలాం". నేనన్నది "పోనీ, వదిలేద్దాం" అని.

వెనక వరసలోంచి కస్తూరి లేచింది. "ఏందిమే, అట్ట నిలబడితివి? విత్తు. మళ్లీ చెప్పు" అంది. తన కళ్లలో నీళ్లున్నాయి. మళ్లీ చెప్పాను. ఈసారి హాలంతా నాతో కలిసి అంది.

తీర్మానం గెలిచింది. ట్రస్టు అమ్మిందో లేదో తెలిసేలోపే చదువులైపోయి చెదిరిపోయాం. కస్తూరి ఇప్పుడెక్కడుందో తెలియదు. ఈ పేజీ తన చేతికొచ్చినా చదవలేదు. పక్కనున్నవాళ్లెవరైనా చదివి వినిపిస్తే, ఈ ఒక్క మాటా చెప్పండి: కస్తూరీ, నిన్ను నేనింకా విట్టుడలేదు.