బొట్టు పెట్టిన మూల

ఉద్యోగంలో చేరిన రోజు నాతో నాలుగు కాగితాల మీద సంతకం చేయించారు. మొదటిది జీతం గురించి. రెండోది సెలవుల గురించి. మిగిలిన రెండూ నోరు మూసుకుని ఉండటం గురించి. నాలుగూ చదివే సంతకం చేశాను. నేను చదవకుండా ఏ కాగితం మీదా సంతకం చేయను.

మా కంపెనీ హైదరాబాదులో ఉంది. బోరు మోటార్లకు పెట్టే స్టార్టరు పెట్టెలు చేస్తుంది. బోరులో నీళ్లు అడుగంటితే మోటారు ఉత్తగా తిరిగి కాలిపోతుంది. అలా కాకుండా ఆపడానికి మామూలుగా బోరులోకి ఒక వైరు దించుతారు. మా కొత్త పెట్టెకు ఆ వైరు అక్కర్లేదు. మోటారు లాగే కరెంటును బట్టే నీళ్లు తగ్గాయని తెలుసుకుని ఆపేస్తుంది. ఆ కిటుకంతా పెట్టె లోపల అరచేయంత బోర్డు మీద ఉంది. పేటెంటు దరఖాస్తు ఇంకా వేయలేదు కాబట్టి ఆ బోర్డును బయటివాళ్లు చూడకూడదు.

పొలాల్లో పరీక్షించడానికి మూడు పెట్టెలు తయారుచేశాం, ముగ్గురం తలా ఒకటి తీసుకున్నాం. ఒకటి మహబూబాబాద్ వైపు. దాన్ని మాకంటే సీనియర్ అయిన అక్క చూసుకునేది. ఒకటి బొగ్గు గనులున్న భూపాలపల్లి దగ్గర. అది నాకంటే రెండేళ్లు చిన్నవాడు, కాంట్రాక్టు మీద చేరిన, నేను తమ్ముడూ అని పిలిచే కుర్రాడిది. అతని చిన్నాయన పొలంలోనే బిగించాడు. మూడోది జనగామ జిల్లాలో, లింగాల ఘనపూర్ దగ్గర మా మేనమామ చేనులో నేను బిగించాను.

పరీక్షకు వెళ్లేవాళ్లు పాటించాల్సిన ఏడు నియమాలను ఒక కాగితం మీద టైపు చేయించారు. టైపు చేసింది నేనే. నాలుగో నియమం: పెట్టె తలుపు తెరిచి ఉండగా ఎవరూ ఫోటో తీయకూడదు.

బిగించిన రోజు మామ స్నానం చేసి, కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, అక్షింతలు పట్టుకుని బోరు దగ్గరకు వచ్చాడు. నేను పెట్టె తలుపు మూసి తాళం వేయబోతున్నాను.

"ఆగు అల్లుడూ, తలుపు తియ్యి. బొట్టు పెట్టాలె."

"తలుపు మీద పెట్టు మామా."

"తలుపు మీద పెడితే డబ్బకు పెట్టినట్టయితది. మిషిన్ లోపట కదా ఉన్నది."

"తడి తగిలితే బోర్డు ఖరాబైతది."

"ట్రాక్టర్‌కు పెట్టిన, మోటర్‌కు పెట్టిన, ఏదీ ఖరాబు కాలే. నీ దానికే గింత నాజూకా?"

గట్టు మీద కూర్చున్న అత్త అందుకుంది. "హైదరాబాద్ డబ్బ గదా, జర ఎండ తగిలినా జరమొస్తదేమో. గొడుగు పట్టుమంటవా బిడ్డా?"

నవ్వు వచ్చింది. తలుపు తీశాను. అయినా చదువుకున్నవాణ్ని కాబట్టి జాగ్రత్తగానే ఉన్నాను. బోర్డు మీద రాగి గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, కింద కుడివైపు మూల ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, వేలితో చూపించాను. "ఇగో, ఇక్కడ పెట్టు మామా. ఇక్కడ ఏం లేదు."

మామ పసుపు రాసి, దాని మీద కుంకుమ అద్దాడు. వేలు పెద్దది. మూలంతా ఎర్రబడింది. కాయ కొట్టాడు. తర్వాత జేబులోంచి ఫోను తీశాడు.

"ఒక ఫోటో దింపుకుంట."

నాలుగో నియమం నాకు గుర్తుంది. గుర్తు లేదని ఇప్పుడు చెప్పుకోలేను. డిప్లొమా చదివిన మూడేళ్లూ నన్ను తన స్కూటరు మీద జనగామ బస్టాండులో దింపినవాడు మామ. నేను చేసిన వస్తువు మొదటిసారి ఆయన చేనులో నిలబడింది. "దింపుకో గని ఎవలకు పంపకు" అన్నాను.

"నేనెవలకు పంపుత?"

పది రోజుల తర్వాత మా మేనేజరు మమ్మల్ని గదిలోకి పిలిచి గోడ మీది తెర చూపించాడు. స్టార్టర్లు అమ్మే డీలర్ల గ్రూపులో తిరుగుతున్న ఫోటో అది. చుట్టూ కత్తిరించేశారు. బోర్డు, దాని మూలన ఎర్రటి మరక, అంతే. మరక అంచున ఒక బియ్యపు గింజ అంటుకుని ఉంది. ఆ గింజను నేను ఆ రోజే చూశాను.

"రేపటికల్లా పెట్టెలు వెనక్కి తెచ్చేయండి" అన్నాడు ఆయన.

అక్క పెట్టె అప్పటికే ఆఫీసులో ఉంది. ఆ ఫోటో బయటపడడానికి వారం ముందే పిడుగు పడి పాడైతే తెచ్చేసింది, అప్పుడే అందరం విప్పి చూశాం, బోర్డు మీద మరకేమీ లేదు. కాబట్టి మిగిలింది రెండు.

ఘనపూర్ వెళ్లి మామను అడిగాను.

"ఎవ్వలకు పంపలే అల్లుడూ, ఒట్టు. స్టేటస్ పెట్టిన, గంతే. అది ఒక్క దినముండి దానంతటదే పోతది గదా. ఏం, తప్పయిందా?"

"ఏం లేదు మామా. ఎవలు చూసిండ్రు?"

"మస్తు మంది చూసిండ్రు. జనగామల మోటర్లు కట్టేటాయన ఫోన్ కూడ చేసిండు, గిదేంది, వైరు కనబడ్తలేదు అని. మా అల్లుడు చేసిండని చెప్పిన." ఆయన ముఖం వెలిగిపోతోంది.

పెట్టె విప్పాను. బోర్డు మూలన కుంకుమ గట్టిపడి ఉంది. నా సంచిలో ఎప్పుడూ స్పిరిటు సీసా, చిన్న బ్రష్షు ఉంటాయి. గట్టు మీద కూర్చుని శుభ్రంగా తుడిచాను. కొత్త బోర్డులా మెరిసేదాకా తుడిచాను.

మర్నాడు విచారణ. కంపెనీ ఇలాంటి సంగతులు ఎలా తేలుస్తుందో అప్పుడే చూశాను. ఎవరూ గొంతు పెంచలేదు. మంచినీళ్ల సీసాలు పెట్టారు. మేనేజరు బోర్డు కింద కుడివైపు మూలను భూతద్దం కింద చూపించాడు. అక్కడ సూది మొనంత తెల్ల చుక్కలున్నాయి. అక్క బోర్డుకు ఒకటి, నా దానికి రెండు, తమ్ముడి దానికి మూడు. ఏ పెట్టె నుంచి బయటికి పోయిందో తెలియాలని మాకు చెప్పకుండా వేయించారట. రాగి గీతలు లేని ఖాళీ చోటు అదొక్కటే కాబట్టి అక్కడ వేయించారు. అదే కారణంతో నేను మామకు ఆ మూల చూపించాను. ఫోటోలో చుక్కల మీద బొట్టు ఉంది.

తర్వాత రెండు పెట్టెలూ బల్ల మీద పెట్టారు. నాది అద్దంలా ఉంది. తమ్ముడిది బొగ్గు దుమ్ముతో నల్లగా ఉంది, తలుపు అంచు నుంచి లోపల బోర్డు దాకా కుంకుమ నీళ్లు కారిన ఎర్రటి చార ఉంది.

"సార్, మా చిన్నాయన తలుపు మీద పెట్టిండు. లోపట పెట్టలే. వానకు కారింది" అన్నాడు తమ్ముడు.

"సరేనండి. మీ ఫోన్లు ఒకసారి చూడొచ్చా? బలవంతం లేదు, మీకు ఇష్టమైతేనే" అన్నాడు మేనేజరు.

నేను ముందుగా ఇచ్చాను. నా ఫోనులో ఏమీ లేదు, ఫోటో దింపింది నేను కాదు. తమ్ముడు ఇవ్వలేదు. ఫోను చేతిలో పట్టుకుని తల వంచుకున్నాడు. ఎందుకివ్వలేదో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. అతను ఇంకో కంపెనీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. వాళ్లతో రోజూ మాట్లాడుతున్నాడు. "ఎవలకు చెప్పకన్నా" అని నెల కిందట క్యాంటీనులో నాతో అన్నాడు. నేను ఎవరికీ చెప్పలేదు. ఆ ఒక్క రహస్యాన్ని మాత్రం భద్రంగా దాచాను.

మధ్యాహ్నానికల్లా అతని కార్డు గేటు దగ్గర పనిచేయడం మానేసింది. కాంట్రాక్టు పొడిగించడం లేదని కాగితంలో రాశారు. దొంగతనం అన్న మాట ఎక్కడా లేదు. మంచి మాటైనా ఒక్కటి రాయలేదు. ఆ కాగితం చూసి అతను వెళ్లాలనుకున్న కంపెనీ కూడా వద్దంది.

ఆ తర్వాత నాకు జరిగినవి ఇవి. ఒకటి, నా పెట్టె శుభ్రత గురించి మేనేజరు అందరి ముందు మెచ్చుకున్నాడు. రెండు, నియమాల కాగితానికి ఎనిమిదోది చేర్చమన్నారు: పరీక్ష పెట్టెలకు పూజ చేయరాదు. చేర్చాను. మూడు, కొత్తగా చేరేవాళ్లకు గోప్యత గురించి పాఠం చెప్పే పని నాకు అప్పగించారు. ఆ పాఠంలో తెర మీదకు ఆ ఫోటో వస్తుంది. మా మామ పెట్టిన బొట్టు పక్కన నిలబడి నేను మాట్లాడాలి.

మొదటిసారి చెప్పేశాను. రెండోసారి ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తింది. "సర్, మరి ఉద్యోగం పోయిన ఆయన ఒప్పుకున్నారా?"

"లేదు" అన్నాను.

"ఒప్పుకోకపోతే ఆయనేనని ఎట్లా తెలిసింది సర్?"

తెర ఆపేసి, పది నిమిషాల విరామం అన్నాను. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లి మొత్తం చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఇది మెయిల్లో ఎక్కడైనా పెట్టావా?"

"లేదు సార్."

"పెట్టకు. వచ్చే నెల పెట్టె మార్కెట్లోకి వస్తోంది. లోపలి లెక్కలు తెలిసినవాడివి నువ్వొక్కడివే. అతని ఫైలు మూసేశాం. మళ్లీ తెరిస్తే నీ గురించి కూడా రాయాల్సి వస్తుంది."

"రాయండి సార్."

"వెళ్లి పాఠం పూర్తి చెయ్యి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నా ఉద్యోగం ఈ రోజుకీ ఉంది.

ఆ ఆదివారం భూపాలపల్లి బస్సెక్కాను. పరకాల దాటేదాకా చెప్పాల్సినవాటిని వరుసగా మనసులో సర్దుకుంటూనే ఉన్నాను. పదకొండు వచ్చాయి. బొగ్గు బాయి కార్మికుల క్వార్టర్లలో అతని ఇల్లు. వాకిట్లో పాత ఇన్వర్టరు విప్పుకుని కూర్చున్నాడు. ఇప్పుడు చేస్తున్న పని అదే, రిపేర్లు.

"అన్నా! నువ్వేంది ఇటు దిక్కు? మల్ల ఏమన్న పోయిందా కంపెనీల?" నవ్వుతూనే అన్నాడు.

నిలబడే పదకొండూ చెప్పాను. స్క్రూడ్రైవరు కింద పెట్టలేదు. చివరిదాకా విని, "తుడిచినవా?" అన్నాడు.

"తుడిచిన."

"నాది గట్లనే తెచ్చిన నేను. దుమ్ము దులపాలని కూడ సోయి లేకపాయె." ఇన్వర్టరు స్క్రూ ఒకటి తిప్పాడు. "నాకెందుకు చెప్తున్నవన్నా? నేను తియ్యలేదని నాకెర్కనే. మా బాపుకు చెప్పు."

మొదటి షిఫ్టు ముగించుకుని వాళ్ల నాయిన అప్పుడే సైకిలు దిగుతున్నాడు. కనురెప్పల అంచున బొగ్గు నలుపు. నేనెవరో కొడుకు చెప్పాడు. ఆయన గడపలో కూర్చున్నాడు, నన్ను కుర్చీలో కూర్చోమన్నాడు. కుర్చీలో కూర్చుని మళ్లీ మొదటి నుంచీ చెప్పాను.

"మేం బాయిల దిగెటప్పుడు జేబులు చూస్తరు బిడ్డా" అన్నాడాయన. "అగ్గిపెట్టె, బీడీలు లోపటికి పోవద్దు. నా ఉద్యోగమంత అయిపోవచ్చింది, నా జేబుల ఒక్కనాడు అగ్గిపుల్ల దొరకలే. జేబు చూపియ్యనన్నోని దగ్గర ఏదో ఉన్నట్టే మా కాడ. వీడు ఫోను చూపియ్యలేదని చెప్పిండు. ఇగ నేనేమడుగుత? మూడు నెలల సంది అడగలే."

తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "ఎందుకు చూపియ్యలేరా?"

తమ్ముడు నా ముఖం చూశాడు. చెప్పాల్సింది నేను కాదు.

"ఇంకో కొలువు చూసుకుంటున్న బాపూ, అప్పుడు. వాళ్లకు తెలుస్తదని."

"గంతేనా?"

"గంతే."

ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగాడు. "నీ జేబు చూసిండ్రా?"

"చూసిండ్రు."

"ఏం దొరకలే."

"దొరకలే."

"రాసియ్యి" అన్నాడు. "ఇప్పుడు నువ్వు నోటితోని చెప్పిందంత కాయితం మీద రాసి సంతకం పెట్టియ్యి. ఈడ ఎవ్వలన్న అడిగితే నేను చూపిస్త. వాడు ఎక్కడన్న కొలువుకు పోతే వాడు చూపించుకుంటడు."

మెయిల్లో కూడా పెట్టవద్దన్న మాట చెవిలో ఉంది. తమ్ముడు నోటు పుస్తకంలోంచి కాగితం చింపి ఇచ్చాడు. కుర్చీ చేతి మీద పెట్టుకుని ఒకటి నుంచి పదకొండు దాకా రాశాను, కింద సంతకం చేశాను. తమ్ముడు వాళ్ల నాయినకు గట్టిగా చదివి వినిపించాడు. ఏడో దాని దగ్గర ఆగాడు.

"ఇది కాదన్నా. 'అలవాటు ప్రకారం బోర్డు తుడిచాను' అని రాసినవ్."

కాగితం నా ముందు పెట్టి పెన్ను మళ్లీ చేతికిచ్చాడు. ఆ ఇద్దరూ చూస్తుండగా 'అలవాటు ప్రకారం' అన్న మాటలు కొట్టేశాను. పైన ఖాళీలో 'దొరకకూడదని' అని రాసి, పక్కన ఇంకో సంతకం పెట్టాను.