మరకల పిన్ని కప్పు వేయించుకుంది

మా పిన్నిని వీధంతా మరకల పిన్ని అంటారు. బట్టలు శుభ్రం చేసి ఇస్త్రీ పెట్టే కొట్టు ఆమెది. సిరా, నూనె, తుప్పు, మరక ఏదైనా సరే, పిన్ని చేతిలో పడితే ఆనవాలు మిగలదు. ఇంత పనిమంతురాలికి లోకజ్ఞానం మాత్రం సున్నా అని బాబాయి బతికున్నన్నాళ్లూ దెప్పుతుండేవాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు.

పిన్నికి ఒక పట్టింపు ఉంది. ఒకరి బట్ట మీది మరక ఇంకొకరి కంట పడకూడదు. బట్ట చేతికి రాగానే మరక లోపలికి పోయేలా మడతపెట్టి సంచిలో వేసేస్తుంది. "అది వాళ్లింటి గుట్టే. కొట్టుకొచ్చిన ప్రతివాళ్లూ చూడ్డానికి కాదు" అంటుంది.

కొట్టు కప్పు రేకులు పాతబడి కారుతుంటే కాంట్రాక్టరును పిలిచింది. అతను మాటకోసారి "అక్కా" అనేవాడు. అంత తియ్యగా పిలిచేవాళ్లంటే నాకు మొదట్నుంచీ ఒళ్లుమంట. సగం రేకులు విప్పాడు. అతుకులకు పూసే తారు డబ్బాలు మూతల్లేకుండా పైనే వదిలాడు. టార్పాలిన్ కప్పాడు గానీ కట్టలేదు. ఇంకెవరి పనికో చక్కా పోయాడు.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది. టార్పాలిన్ లేచిపోయింది. తారు కలిసిన నల్లటి నీళ్లు వేలాడే బట్టల మీదుగా కారి, ఆవిరి ఇస్త్రీ యంత్రంలోకి దిగాయి. దాని మోటారు ఒకసారి చిటపటలాడి ఆగిపోయింది. ఆ కొట్టుకు అన్నం పెట్టేది ఆ యంత్రమే.

నేను ఫోను తీశాను. "పిన్నీ, ఏదీ ముట్టుకోకు. ఫొటోలు తీస్తాను. రేపు అతని మొహాన కొడదాం."

పిన్ని ఫోనుకు చెయ్యి అడ్డుపెట్టింది. "అవి మన బట్టలు కావే. జనం నమ్మి ఇచ్చినవి. ఫొటోలు తీసి ఊరందరికీ చూపిస్తావా?"

"మరి యంత్రం సంగతో?"

"ముందు బట్టలు. తారు ఆరిందంటే ఇక వదలదు."

వాదించి లాభం లేదు. కిరసనాయిలు గుడ్డతో ఒక్కో బట్టా ఒత్తింది, సబ్బు పట్టించింది, ఉతికింది, ఆరేసింది. పాత ఇస్త్రీపెట్టెతో నడుం పడిపోయేదాకా ఇస్త్రీ చేసింది. అంతటితో ఊరుకుందా? గోడలు మురికిగా ఉంటే జనం ఏమనుకుంటారని వాటికీ సున్నం వేసింది. నాకు ఏడుపొచ్చింది, కోపంతో.

కాంట్రాక్టరు తీరిగ్గా అన్నీ ఆరాక వచ్చాడు. మిగతా రేకులు బిగించి, కిందికి దిగి, తళతళలాడే కొట్టంతా కలయజూశాడు.

"నష్టం ఎక్కడక్కా? ఒక్క బట్టయినా పాడవలేదు. యంత్రానికి వయసైపోయింది. దానికి నన్నంటే ఎలా?"

"నీ తారే కదయ్యా పడింది" అంది పిన్ని.

"ఎవరు చూశారు?"

"నేను చూశాను" అన్నాను.

"మీరు ఇంట్లోవాళ్లు కదమ్మా. తారు పడిందని బట్టలిచ్చినవాళ్లలో ఒక్కరిని చెప్పమనండి. కొత్త మోటారు పెట్టిస్తాను. మాటంటే మాటే."

ఆ నవ్వు చూస్తే చెంప పగలగొట్టాలనిపించింది. తడిసిన ప్రతి బట్టా పిన్ని చేతిలో బాగుపడి, ఇప్పుడు అతని పక్షాన నిలబడింది.

రెండు రోజులు పిన్ని సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు పొద్దున్నే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తన పట్టింపు తానే పక్కన పెట్టి, మరక ఊసు బయటపెట్టడానికి సిద్ధపడింది. వకీలుగారి మీగడరంగు కోటు మడిచి పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. కొట్టు తెరిచిన నాటి నుంచీ బట్టలిస్తున్న మనిషి. అడిగితే కాదనడని ఆమె ధీమా.

వకీలుగారు మర్యాదగా కూర్చోబెట్టారు. పిన్ని జరిగిందంతా చెప్పింది. భుజం నుంచి అంచుదాకా తారు ఎలా కారిందో, దాన్ని ఎలా వదిలించిందో, ఏదీ దాచలేదు. ఒక్క మాట సాయం చేయమని చేతులు పట్టుకున్నంత పని చేసింది.

ఆయన కోటు తీసుకుని కిటికీ దగ్గర ఇటూ అటూ తిప్పారు. భుజం దగ్గర వాసన చూశారు.

"నేను చూడనిదాన్ని చూశానని ఎలా చెప్పనమ్మా?"

"నిజమే బాబూ. ఏదో ఆశకొద్దీ వచ్చాను" అని పిన్ని లేవబోయింది.

"మీ దగ్గర మావి ఇంకొన్ని ఉండాలి. మధ్యాహ్నం మనిషిని పంపుతాను, ఇచ్చేయండి. ఇక నుంచి వేరే చోట చూసుకుంటాం."

పిన్ని లేచి కోటు వైపు వేలు చూపింది.

"కోటు మీద మరకేమైనా కనిపిస్తోందా బాబూ?"

"లేదు."

"మరి?"

"పడిందని మీరే చెప్పారు కదమ్మా."