నీలం తీగకు అవతల

మొన్న ఆదివారం మా బిడ్డ పట్టుబట్టి పాత డెస్క్‌టాప్‌ను సజ్జ మీది నుంచి దింపించింది. పదిహేనేళ్లకు పైగా గోనెసంచి కప్పుకొని పడుకున్న ఆ యంత్రంలో చనిపోయిన మా నాయన ఫొటోలు ఉన్నాయని ఎప్పుడో నేనే నోరుజారి చెప్పాను, అది పట్టుకొని కూర్చుంది. వెనక గుమ్మడికాయంత పొట్టేసుకొని బల్లంతా ఆక్రమించే ఆనాటి మానిటర్లు మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటాయి. దుమ్ము దులిపి మీట నొక్కితే, పొద్దున మంచం మీది నుంచి నేను లేచేదానికంటే త్వరగానే అది లేచింది. ఫొటోలు తెరవడానికి ఏదో దింపుకోవాలట, దానికి నెట్ కావాలట. వైఫై అనే మాట ఆ పాత ప్రాణికి తెలియదు కనుక, మా బిడ్డ తన ల్యాప్‌టాప్‌కూ దానికీ మధ్య ఒక తీగ కలిపి ల్యాప్‌టాప్‌లోని నెట్‌ను దానికి పంచబోయింది.

ఆ సమయానికి కథలాపూర్ నుంచి వచ్చిన మా తమ్ముడు పక్కనే కూర్చొని చాయ్ తాగుతున్నాడు. తీగ పెట్టిన చోట పచ్చలైటు వెలిగింది గాని నెట్ రాలేదు. షేరింగ్ దగ్గర టిక్కు పెట్టడం మరిచానని మా బిడ్డ నవ్వుకుంది. తమ్ముడు గ్లాసు కింద పెట్టాడు.

"అంటే బిడ్డా, గా లైటు వెలిగినా గని ఇవతలికి నెట్ రాకుంట చెయ్యచ్చా?"

"చెయ్యచ్చు చిన్నబాపు. గీ టిక్కు తీసేస్తే సాలు. వైరు అట్లనే ఉంటది, లైటు అట్లనే ఉంటది, నెట్ ఒక్కటే రాదు."

తమ్ముడు నా ముఖంలోకి చూశాడు. నేను తల తిప్పుకున్నాను. అదే నేను చేసిన తప్పు, ఆ ఒక్క క్షణంలో వాడికి కావలసిన జవాబు దొరికిపోయింది. మిగిలిన చాయ్ అట్లాగే వదిలేసి, చెప్పులేసుకొని బస్సుకు వెళ్లిపోయాడు. చిన్నబాపుకు ఏమైందని మా బిడ్డ రెండుసార్లు అడిగింది. ఏం చెప్పను, చెప్పాలంటే కోరుట్లలోని మా దుకాణం దగ్గర మొదలుపెట్టాలి.

మాది కల్లుగీత కుటుంబం. నాయన తాటిచెట్టు మీది నుంచి పడి నడుము పోగొట్టుకున్న ఏడాది, ఆయన చెట్టెక్కే మోకును అవ్వ దూలానికి కట్టేసి, నా కొడుకులెవ్వరూ ఇక చెట్టెక్కొద్దని ఒట్టు వేయించుకుంది. పెద్దవాణ్ని కనుక నేను కోరుట్లకు వచ్చి, ఒక మడిగె కిరాయికి తీసుకొని, అందులో ఈ డెస్క్‌టాప్‌తో దుకాణం పెట్టుకొని, లగ్నపత్రికలూ అర్జీలూ కొట్టి బతకడం నేర్చుకున్నాను. తమ్ముడికి ఏ దారీ దొరకలేదు. కొన్నాళ్లు ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ దగ్గర దినకూలీ చేశాడు, కొన్నాళ్లు ఊరికే ఉన్నాడు. అప్పట్లో మా దిక్కు ఏ గడపలో అడిగినా మగవాడు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండేవాడు కనుక, వాడి చూపు కూడా అటే పోయింది.

సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే మా బావ, అంటే మా అక్క భర్త, ఆ పని పడిపోయి మా దుకాణం చేరుకున్నది కూడా ఆ రోజుల్లోనే. మాటకారి. ఎంత మాటకారి అంటే, ఆయన మాట్లాడుతుంటే కోపంగా వచ్చినవాడు కూడా కుర్చీ లాక్కొని కూర్చునేవాడు. నా మడిగెలోనే చెక్కతో ఒక గది కట్టించుకొని గల్ఫ్ వీసాల పని మొదలుపెట్టాడు. ఎక్కణ్నుంచో ఒక ల్యాప్‌టాప్, దానికి గుచ్చితే నెట్ వచ్చే డాంగిల్ తెచ్చాడు. నాకు నెట్ లేదని తెలిసి, చెక్కకు బెజ్జం వేయించి, అందులోంచి నీలం తీగ ఒకటి ఇవతలికి లాగి నా డెస్క్‌టాప్‌కు కలిపించాడు. ఆయన ల్యాప్‌టాప్ తెరిచి ఉన్నంతసేపు నాకు నెట్, మూసేస్తే లేదు. ఆ తీగ వచ్చిన రోజు మా దుకాణం ముందు నెట్ సెంటర్ అని బోర్డు రాసుకొని, అక్క చేత కొబ్బరికాయ కొట్టించాను. బావను నెత్తిన పెట్టుకున్నాననడంలో అతిశయోక్తి ఏమీ లేదు.

ఇక్కడ మా దిక్కు పద్ధతి ఒకటి చెప్పాలి. దుబాయి పోయేవాడు, ఏజెంటు చేతికిచ్చిన వీసా కాగితాన్ని నెట్ సెంటర్‌లో చూపించుకొని, అది కంపెనీ వీసానా, ఉత్త విజిట్ వీసానా అని తేల్చుకున్నాకే బట్టలు సర్దేవాడు. కంపెనీ వీసా అయితే కొలువు ఉన్నట్టు. విజిట్ వీసా అయితే చూసిరావడానికే, గడువు దాటితే దొంగలా తిరగాల్సిందే. కాగితం మీద ఏదైనా అచ్చు వేయొచ్చు, నెట్‌లో నంబరు కొడితే మాత్రం నిజం బయటపడేది. అందుకని బావ దగ్గర వీసా తీసుకున్నవాళ్లు చెక్క గదిలోంచి లేచి, నాలుగడుగులు వేసి నా బల్ల ముందు కూర్చునేవాళ్లు. చిత్రంగా వాళ్లలో చాలామంది వచ్చినప్పుడే నెట్ రాకపోయేది. వెనక పచ్చలైటు నిక్షేపంగా వెలుగుతూనే ఉండేది. తీగ బాగుంది, సిగ్నల్ లేదు కాబోలని నేనే వాళ్లకు సర్దిచెప్పేవాణ్ని. నా ముఖం చూసి వాళ్లు నమ్మేవాళ్లు.

తమ్ముడికి వీసా ఇప్పించింది కూడా బావే. మరునాడు ప్రయాణమనగా చేతికర్ర పట్టుకొని నాయన, కాగితం పట్టుకొని తమ్ముడు వచ్చారు. నెట్ రాలేదు. తీగ పీకి మళ్లీ పెట్టాను, యంత్రాన్ని ఆపి మళ్లీ వేశాను, పచ్చలైటు వెలిగింది గాని నెట్ రాలేదు. బస్టాండు దగ్గర ఇంకొక సెంటర్ ఉంది, అక్కడ చూపిద్దామని నేను లేచాను కూడా. నాయన నా చెయ్యి పట్టుకొని ఆపాడు.

"అల్లుడు ఇచ్చిన కాయితం ఇంకోని దుకాన్ల సూపిస్తార్రా? గాయినె మొకం ఏడ పెట్టుకుంటడు?"

చెక్కకు అవతల బావ అన్నీ వింటున్నాడు. ఇంటల్లుణ్ని అనుమానించినట్టు అవుతుందని నేను కూర్చుండిపోయాను. తమ్ముడు నవ్వుతూ, నెట్ లేకుంటే ఏమాయె, బావ ఉన్నడు గదనే అన్నాడు. మరునాడు బస్సెక్కించి, పైలం అని చెప్పి పంపించాం.

రెండు నెలలకు ఫోను వచ్చింది. అది విజిట్ వీసా. కంపెనీ లేదు, గది లేదు, ఎడారిలో ఎవరి దగ్గరో కాగితాలు లేకుండా పని చేస్తున్నాడు. అట్లాంటివాళ్లను అక్కడ ఖల్లివల్లి అంటారు. బావ అవ్వ కాళ్ల మీద పడి ఏడ్చాడు. బొంబాయి ఏజెంటు తననూ ముంచాడన్నాడు. ఆయన ఏడుపు చూసి మేం ఏడ్చాం, పైగా ఆయనకు అన్నం తినిపించి పంపించాం.

ఆ తర్వాత ఒకరోజు మేడిపల్లి నుంచి ఒకతను వీసా చూపించుకోవడానికి వచ్చాడు. ఎప్పటిలాగే నెట్ లేదు. బావ ఏదో పని మీద అప్పుడే జగిత్యాల బస్సెక్కాడు, ల్యాప్‌టాప్ మూయకుండానే పోయాడు. డాంగిల్ కదిలిందేమో చూద్దామని గదిలోకి వెళితే, ల్యాప్‌టాప్‌లో నెట్ గలగలా వస్తోంది. మొదట్లో తీగ కలిపిన మెకానిక్ నాకూ చూపించిన చోట తెరిచి చూశాను. పంచుకునే గడిలో టిక్కు లేదు. పొరపాటున పోయిందనుకొని పెట్టాను, ఇవతల నా డెస్క్‌టాప్‌కు నెట్ వచ్చింది. నంబరు కొట్టాను. విజిట్ వీసా. ఆ మేడిపల్లి అతను దండం పెట్టి వెళ్లిపోయాడు. నేను మాత్రం, ఏయే రోజుల్లో నెట్ రాలేదో, ఆ రోజుల్లో నా ముందు ఎవరు కూర్చున్నారో ఒక్కొక్కరినే గుర్తు చేసుకుంటూ అక్కడే ఉండిపోయాను. చివరికి తమ్ముడి దగ్గరికి వచ్చాను. పరాయివాణ్ని కాపాడాను, నా తోడబుట్టినవాణ్ని నా చేతులతో బస్సెక్కించాను. బావ నన్ను మోసం చేయడమే కాదు, నా ముఖాన్నీ నా నోటినీ వాడుకొని ఊరివాళ్లను మోసం చేశాడు. ఈ రోజుకీ ఆ మంట చల్లారలేదు.

బావ తిరిగొచ్చాక అడిగాను. కాదనలేదు. తల కూడా దించుకోలేదు.

"అవ్వకు, తమ్మునికి చెప్తవా? చెప్పు. నీ అక్క ఏడికి పోతదో గది సుత చెప్పు."

అప్పటికి అక్కకు ఇద్దరు చిన్నపిల్లలు. నేను నోరు మూసుకున్నాను. నీలం తీగ పీకేసి, డెస్క్‌టాప్ చెడిపోయిందని అందరికీ చెప్పి ఇంటి సజ్జ మీద పడేసి, కరెంటు దుకాణంలో పనికి కుదిరాను.

నాలుగేళ్ల తర్వాత అక్కడి సర్కారు కాగితాలు లేనివాళ్లకు క్షమాభిక్ష పెట్టినప్పుడు, తమ్ముడు ఇంటికి పోవడానికిచ్చే ఔట్‌పాస్ మీద వచ్చాడు. సగం మనిషి అయ్యాడు. ఏడ్వలేదు, ఎవర్నీ తిట్టలేదు. ఒక్కటే అడిగాడు. "గా దినం నెట్ నిజంగనే రాలేదానే అన్నా?" రాలేదన్నాను. మాటవరకు అది అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. పాపం, బావ కూడా మోసపోయాడు గదా అన్నాడు తమ్ముడు. అప్పట్నుంచి బావ ఇంట్లో ఏ పనైనా ముందుండేది వాడే. నిరుడు బావ చనిపోతే పాడెకు ముందు భుజం పట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చిందీ వాడే. వెనక భుజం నాది. వాడి వీపు చూస్తూ అంత దూరం నడిచాను, ఒక్క మాట చెప్పలేకపోయాను.

సోమవారం పొద్దున్నే కథలాపూర్ వెళ్లాను. తమ్ముడు పసుపు చేనుకు నీళ్లు పెడుతున్నాడు. గట్టు మీద నిలబడి మొత్తం చెప్పాను. అక్క కోసమే చెప్పలేదని కూడా చెప్పాను. పారతో నీళ్ల మడవ మార్చడం ఆపకుండానే విన్నాడు.

"నాకు చెప్తే నేను సుత ఊకుందునే అన్నా," అన్నాడు చివరికి. "అక్క నాకు సుత అక్కనే."

చాయ్ తాగిపొమ్మనలేదు, పొమ్మని కూడా అనలేదు. గట్టు దిగి వచ్చేశాను.

ఇప్పుడు ఎవరి నెట్ వాళ్ల జేబులో ఉంది. వీసా కాగితం మంచం మీద కూర్చొనే చూసుకుంటున్నారు, ఒకరి తీగ పట్టుకొని ఇంకొకరు బతకాల్సిన అవసరం లేదు, అది మంచిదే. మా కాలంలో కాగితం కంటే మనిషిని నమ్మడం మర్యాద అనుకున్నాం, ఆ మర్యాదే మమ్మల్ని ముంచింది. అయినా ఆ నమ్మకం ఉన్న ఇల్లు ఎంత వెచ్చగా ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ బెంగగానే ఉంటుంది. ఫొటోలు దొరికాయి. చెట్టు మీది నుంచి పడకముందు మోకు భుజాన వేసుకొని నాయన నవ్వుతున్న ఫొటో, నేను స్కాన్ చేసి దాచింది ఒకటి, తమ్ముడికి పంపమని మా బిడ్డకు చెప్పాను. పంపింది. వాడు చూశాడని వాట్సాప్‌లో రెండు టిక్కులూ నీలం రంగుకు మారాయి. మాట మాత్రం ఇంకా రాలేదు.